పంచితేనే బతికే మొక్క

పల్నాడంటే ముందుగా గుర్తొచ్చేది కోడిపందెం. నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు, కారెంపూడి రణరంగం... ఆ కథ వినని తెలుగిల్లు ఉండదు. ఇప్పుడు చెప్పబోయేదీ కోడిజుట్టు సంగతే. కాకపోతే ఇది పందెంకోడిది కాదు, కుండీలో పెరిగే జెముడుది.

నర్సరీల్లో మీరూ చూసే ఉంటారు. కింద లావుపాటి కాడ, దాని నెత్తిన విసనకర్రలా విచ్చుకుని ముడతలు ముడతలుగా తిరిగిన తురాయి. "ఇదేం వంకర మొక్కమ్మా!" అని ముక్కున వేలేసుకునేవాళ్ళూ ఉన్నారు, వందలు పోసి కొనుక్కొచ్చేవాళ్ళూ ఉన్నారు.

వంకర అన్నమాట నిజమే. మామూలుగా కాడ చివర పెరిగే మొన ఒక్క చుక్కలా ఉంటుంది. అందుకే జెముడు నిటారుగా పైకి పోతుంది. ఏ దెబ్బ తగిలో, పురుగు కొరికో, పుట్టుకలోని మార్పు వల్లో ఆ చుక్క గీతలా సాగిందంటే, మొక్క పొడుగు పెరగడం మాని పక్కలకు విచ్చుకుంటుంది. మన పెరటి కోడిజుట్టు పువ్వుదీ ఇదే కథ. కానీ ఒక పెద్ద తేడా ఉంది. కోడిజుట్టు గింజలు చల్లితే మళ్ళీ కోడిజుట్టే వస్తుంది. జెముడు తురాయికి ఆ భరోసా లేదు. గింజ నాటితే మామూలు జెముడే రావచ్చు. ఒకరు ముక్క కోసి ఇంకొకరికి ఇస్తేనే దాని వంశం నిలుస్తుంది. దాచుకుంటే ఆ కుండీతోనే సరి.

కాబట్టి కొనడం కంటే, అంటు కట్టి పంచుకోవడం నేర్చుకుందాం. గోదావరి పక్కన కడియం నర్సరీల్లో చేసే పనే ఇది. మన చేతులకేం తక్కువ?

ముందు ఒకటి గుర్తుంచుకోవాలి. ముళ్ళున్నవన్నీ కాక్టస్‌లు కావు. గిల్లితే తెల్లని పాలు కారేవి మన బొమ్మజెముడు, ఆకుజెముడు జాతివి. నాగజెముడు లాంటి అసలు కాక్టస్‌లు అమెరికా ఖండాల నుంచి వచ్చినవి, వాటికి సాధారణంగా పాలుండవు. పాలజెముడు తురాయిని పాలజెముడు మీదే కట్టాలి. కాక్టస్ తురాయిని కాక్టస్ మీదే. అడ్డదిడ్డంగా కడితే అతకవు.

బజారులో ఎక్కువగా దొరికేది పాలజాతి తురాయే. దానికి ఆకుజెముడు కాడ బాగా కుదురుతుంది. శుభ్రంగా తుడిచిన పదునైన కత్తితో కాడ తల కోసి, మధ్యలో లోతుగా చీల్చండి. తురాయి ముక్క అడుగును ఆ చీలికలో ఇమిడేలా ఆప్ లాగా చెక్కండి. కారే పాలను తడిగుడ్డతో అద్ది, వెంటనే రెండూ కలిపి దారంతోనో, రబ్బరు బ్యాండుతోనో కదలకుండా కట్టండి. రెండు, మూడు వారాలు నీడలో ఉంచండి. కోత మీద నీటిచుక్క పడకూడదు. శివరాత్రికి చలి పోయాక, ఎండలు ముదరక ముందు ఈ పని పెట్టుకుంటే మంచిది.

అతికాక కూడా కన్నేసి ఉండాలి. కాడ నుంచి వచ్చే పిలకలను, తురాయిలోంచి మామూలుగా నిటారుగా లేచే కొమ్మలను ఎప్పటికప్పుడు తీసేయాలి. అవి వేగంగా పెరిగి, బలమంతా లాగేసుకుని తురాయిని మింగేస్తాయి.

మన నల్లరేగడి పత్తికి బంగారమే గానీ దీనికి పనికిరాదు, నీరు పట్టి ఉంచి వేళ్ళు కుళ్ళిపోయేలా చేస్తుంది. ముతక ఇసుక రెండు పాళ్ళు, ఎర్రమట్టి ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు కలిపి, అడుగున చిల్లున్న మట్టికుండీలో పోయండి. మట్టి పూర్తిగా ఆరాకే నీళ్ళు. చాలా తురాయిలు ఎండకు కాదు, మన ప్రేమకు చస్తాయి! అలాగని రెంటచింతల ఎండ తక్కువదా? 45 డిగ్రీలు దాటే రోజుల్లో డాబా మీద వదిలేస్తే తురాయి మాడిపోతుంది. పొద్దుటి ఎండ చాలు, మధ్యాహ్నం నీడ కావాలి. దూదిపింజల్లా తెల్లపురుగు పడితే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవండి.

ఇక అసలు జాగ్రత్త. జెముడు పాలు ఒంటికి తగిలితే మంట, కంట్లో పడితే ప్రమాదం. కోసేటప్పుడు చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. కంట్లో పడితే పావుగంటసేపు మంచినీళ్ళతో కడిగి, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. నాటువైద్యం పేరుతో ఆ పాలు కళ్ళలో, చెవుల్లో వేయనివ్వకండి.

"ముళ్ళ మొక్క ఇంట్లో ఉంటే గొడవలొస్తాయి" అనే అత్తగారికి ఏం చెప్పాలంటారా? దిష్టి పోవడానికి గుమ్మానికి కట్టే కలబందకూ ముళ్ళున్నాయి కదా అత్తయ్యా, అనండి నవ్వుతూ. గొడవలు ముళ్ళ వల్ల రావు, మాటల వల్ల వస్తాయి.

సాగర్ పక్కనే ఉన్నా వేసవిలో బిందెడు నీళ్ళకు ఎదురుచూసే ఊళ్ళు పల్నాట్లో ఉన్నాయి. ఆ బిందె మోసేది ఆడవాళ్ళే. అలాంటి చోట గులాబీకి రోజూ నీళ్ళు పోసి పెంచలేకపోయామని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. గ్లాసెడు నీళ్ళతో వారం గడిపే అందమూ ఉంది.

ఒక్క మనవి. కొండగట్ల మీది జెముళ్ళను వేళ్ళతో పెకలించి తేకండి, ఒక్క కొమ్మ చాలు. మీ తురాయి ఏపుగా పెరిగాక మొదటి ముక్క పక్కింటావిడకు ఇవ్వండి. రేపు మీ కుండీ కుళ్ళిపోయినా ఆవిడ దగ్గర బతికి ఉంటుంది. అప్పుడు అడిగి తెచ్చుకోవచ్చు. నర్సరావుపేట నుంచి మాచర్ల దాకా, ఒక చేతి నుంచి ఇంకో చేతికి అలా సాగిపోవలసిన మొక్క ఇది.