దగ్గరికైనా నేల నేలే

"ఈడికే గదా, హెల్మెట్ ఎందుకు?" తార్నాకలో ఈ మాట వినపడని పూట ఉండదు. ఉస్మానియా క్యాంపస్‌లో అయితే ఆ ప్రశ్న వేసేవాళ్లు కూడా లేరు. హాస్టల్ నుంచి ఆర్ట్స్ కాలేజీకి, లైబ్రరీకి, అక్కణ్ణించి తార్నాక చౌరస్తాలో చాయ్‌కి ఒక్కో బండి మీద ఇద్దరు, ముగ్గురు, అందరూ ఉత్త తలలతోనే. అడిగితే "లోపల ముప్పై కూడా దాటం" అంటారు. ఫిజిక్స్ చదివినవాళ్లూ ఇదే అంటారు. ఈ జవాబు తప్పు.

బండి స్పీడు తక్కువైతే దెబ్బా తక్కువేనన్నది వాళ్ల నమ్మకం. కానీ ముందుకు పోవడం వేరు, కిందికి పడడం వేరు. ఒకదాని వేగం రెండోదాన్ని మార్చదు. గెలీలియో 1638లో అచ్చువేసిన పుస్తకంలోనే తేల్చిన సంగతి ఇది. బండి మీద కూర్చున్న మనిషి తల నేలకు దాదాపు ఒకటిన్నర మీటర్ల ఎత్తులో ఉంటుంది. అంత ఎత్తు నుంచి అడ్డేమీ లేకుండా పడితే, నేలను తాకేసరికి వేగం సెకనుకు 5.4 మీటర్లు. అంటే గంటకు సుమారు 20 కిలోమీటర్లు. బండి అరవైలో ఉన్నా, పదిలో ఉన్నా ఆ 20 తగ్గదు. స్పీడు పెరిగితే ప్రమాదం పెరగదా? తప్పకుండా పెరుగుతుంది. డివైడర్‌కు గుద్దుకుంటే ముప్పై కంటే అరవైలో శక్తి నాలుగింతలు. అది ఈ 20కి పైన అదనం.

ఆ తల ఎంత దూరంలో ఆగుతుందన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంది. ఉత్త తల సిమెంటు రోడ్డుకు తగిలి రెండు మిల్లీమీటర్లలో ఆగిందనుకుందాం. పడిన ఎత్తును ఆగిన దూరంతో భాగిస్తే, 1500ని 2తో, సగటున గురుత్వానికి 750 రెట్ల కుదుపు. అదే మూడు సెంటీమీటర్లలో ఆగితే 50 రెట్లు.

హెల్మెట్ ఇచ్చేది ఆ కాస్త దూరాన్నే. జనం పైన డిప్ప ఎంత గట్టిగా ఉందో చూసి కొంటారు. దెబ్బను ప్రధానంగా మింగేది లోపలి థర్మాకోల్. హెల్మెట్ తిరగేసి, గుడ్డ పక్కకు జరిపి, బొటనవేలి గోటితో గట్టిగా నొక్కి చూడండి. సొట్ట పడుతుంది, మళ్లీ పైకి లేవదు. పడినప్పుడు శక్తి ఖర్చయ్యేది అలా నలగడంలోనే. అందుకే ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్‌ను, పైకి ఎంత బాగున్నా, పారేయాలి. చలానా తప్పించుకోవడానికి కొనే టోపీలాంటి డిప్పల్లో నలగడానికి ఏమీ ఉండదు. ఐఎస్ఐ గుర్తు ఉన్నది కొన్నా, బెల్టు పెట్టుకోకపోతే తల నేలకు తగిలేలోపే ఊడిపోతుంది.

వెనక కూర్చున్నవాళ్ల సంగతి తలుచుకుంటే నాకు కోపం ఆగదు. నడిపేవాడి తల మీద హెల్మెట్ ఉంటుంది. వెనక, పట్టుకోవడానికి హ్యాండిల్ కూడా లేకుండా, ఒక పక్కకు కూర్చున్న తల్లికో భార్యకో ఉండదు. 1988 మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ నడిపేవాళ్లనూ వెనక కూర్చున్నవాళ్లనూ వేరు చేయలేదు. నేల కూడా చేయదు.

లారెన్స్ ఆఫ్ అరేబియాగా పేరుపడ్డ బ్రిటిష్ సైనికాధికారి కూడా 1935 మే 13న మోటార్ సైకిల్ మీద దగ్గరికే వెళ్లాడు. పోస్టాఫీసు నుంచి తిరిగొస్తూ, ఇంటి దాపుల్లో, సైకిళ్ల మీద ఉన్న ఇద్దరు కుర్రాళ్లను తప్పించబోయి పడ్డాడు. తలకు హెల్మెట్ లేదు. ఆరు రోజులకు చనిపోయాడు. అతణ్ణి చూసిన వైద్యుల్లో ఒకడైన న్యూరోసర్జన్ హ్యూ కెయిర్న్స్ ఆ తర్వాత మోటార్ సైకిల్ ప్రమాదాల్లో తల గాయాలను పరిశోధించి, 1941లో హెల్మెట్ అవసరాన్ని గట్టిగా చెప్పాడు.

ఐఐసీటీ, ఎన్ఐఎన్, ఎన్‌జీఆర్ఐ, సీసీఎంబీ లాంటి పరిశోధన సంస్థల చుట్టూ ఉన్న ఈ పేటలో "ఈడికే గదా" అన్న మాట చెల్లకూడదు. యూనివర్సిటీ రేపే ఎన్‌సీసీ గేటు దగ్గర మొదలుపెట్టవచ్చు: బండి మీద ఉన్న ప్రతి తలకూ హెల్మెట్ లేకపోతే, ప్రొఫెసర్ బండి అయినా సరే, లోపలికి రానివ్వకూడదు.