ఒక మాటకు రెండు వర్ణక్రమములు



మన పిల్లలకు బడిపుస్తకములే గాక చలనచిత్రముల ప్రకటనలును, అంగళ్లలో అమ్మెడి చొక్కాలును, సంచులును కూడ అక్షరములు నేర్పుచున్నవి. గూఢచారుల కథలన్న బాలురకు మక్కువ మెండు. ఆ పేరులలో జూచిన ఆంగ్లపదమును అట్లే వ్రాసి, బడిలో మార్కు పోగొట్టుకొని వచ్చి, “సినిమావారు తప్పు వ్రాయుదురా, అమ్మా?” అని యడుగుదురు. దీనికి తల్లి సమాధానము చెప్పగలిగి యుండవలెను.

1989లో వచ్చిన జేమ్సుబాండు చిత్రము “లైసెన్స్ టు కిల్”. లైసెన్సు అను మాటలోని రెండవ సకారమును అందు సి అక్షరముతో వ్రాసిరి. బ్రిటిషువారు నామవాచకమునకు సి, క్రియకు ఎస్ వ్రాయుదురు; అమెరికావారికి రెంటికిని ఎస్. మన 1988 నాటి మోటారు వాహనముల చట్టమున డ్రైవింగు లైసెన్సునకు సి యే కలదు.

2022లో వచ్చిన “ది గ్రే మ్యాన్” అనునది అమెరికా చిత్రము. మన దక్షిణాది నటుడు ధనుష్ అందు నటించెను. బూడిదవన్నెను దెలుపు ‘గ్రే’ అను మాటను ఎ తో వ్రాయుట అమెరికా పద్ధతి, ఇ తో వ్రాయుట బ్రిటిషు పద్ధతి. సినిమావారిది తప్పు గాదు, బడివారిదియు తప్పు గాదు. జాన్సను 1755లో ప్రకటించిన నిఘంటువున ‘కలర్’ అను మాటకు యు కలదు. అమెరికాలో వెబ్‌స్టరు 1828లో ప్రకటించిన నిఘంటువున అది లేదు.

తెలుగున ఇట్టి వెసులుబాటు లేదు. 1966లో కృష్ణ నటించిన “గూఢచారి 116”, 2018లో అడివి శేష్ నటించిన “గూఢచారి”, రెంటను ఢకారమే యుండవలెను. గూఢమనగా మరుగైనది; కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున వేగులవారిని గూఢపురుషులనెను. ఒత్తు విడిచి ‘గూడ’ యన్నచో మడికి నీరు చల్లు బుట్ట యగును! ఆంగ్లమున లైసెన్సును ఎట్లు వ్రాసినను అర్థము చెడదు. తెలుగున ఒత్తు పోయిన అర్థమే పోవును. ఈ భేదమును పిల్లలకు దెలుపుడు.

మా గంగవరము ప్రాంతమున తెలుగు, తమిళము, కన్నడము మూడును వినవచ్చును. ఒకే ఊరిపేరును ముగ్గురు మూడు తీరుల బలికినను ఎవరిని తప్పుపట్టము. ఆంగ్లపు వర్ణక్రమములును అట్టివే. అయినను పరీక్షపత్రమున బడిలో నేర్పిన పద్ధతినే వ్రాయవలెను. ఒకే వ్యాసమున రెండు పద్ధతులు కలుపరాదు. అమెరికా పద్ధతికి అమర్చిన చేతిఫోను బడిలో నేర్పిన మాట క్రిందను ఎఱ్ఱగీత గీయును. దానిని జూచి బిడ్డ తన మాటను తానే మార్చుకొనకుండ, అమరికను బ్రిటిషు పద్ధతికి మార్చి యిండు. ఇంట నొక నిఘంటువు నుంచి, సందేహము గలిగినపుడెల్ల బిడ్డచేతనే తెఱపించి చూపింపుడు. తాను స్వయముగ వెదకి కనుగొన్న మాటను బిడ్డ సులువుగ మఱవడు.