కథ కోసమా, కైపు కోసమా?

కొత్త నగరానికి వెళ్ళినవారు పగటిపూట కోటలు, చర్చిలు, మ్యూజియములు చూస్తారు. చీకటి పడిన తరువాత నగరాన్ని చూపించడానికి యూరపులో ఇంకొక ఏర్పాటు ఉన్నది. దానిని ‘పబ్ క్రాల్’ అంటారు. క్రాల్ అంటే పాకడం. ఒక పబ్బులో కాస్త పుచ్చుకొని, అక్కడి నుంచి మరొక పబ్బుకు, మళ్ళీ ఇంకొక దానికి గుంపుగా సాగిపోవడమే ఈ యాత్ర. ఒకప్పుడు స్నేహితులు తమంత తాము చేసుకున్న వేడుక ఇది. ఇప్పుడు దీనికి గైడు వచ్చాడు, టిక్కెట్టు వచ్చింది, వేళాపాళా వచ్చింది. చదువు కోసమో, ఉద్యోగం కోసమో ఆ దేశాలకు వెళ్ళిన తెలుగు యువతీయువకులకు కూడా ఈ టిక్కెట్టు ఎదురుపడుతూనే ఉంటుంది.

ఈ యాత్రలను కొందరు సంస్కృతి అంటారు, కొందరు పెద్ద న్యూసెన్సు అంటారు. ఇరువురి మాటలోనూ నిజం ఉన్నది. ఒకే పేరుతో రెండు వేర్వేరు వ్యాపారాలు సాగడమే ఇందుకు కారణం. ఒకదానిలో గైడు కథ అమ్ముతాడు, మద్యం విశ్రాంతికి మాత్రమే. రెండవదానిలో గైడు మద్యం అమ్ముతాడు, నగరం నడిచే దారి మాత్రమే. ఈ తేడా గమనించకుండా అన్నింటినీ మెచ్చుకోవడం గాని, అన్నింటినీ ఒకే గాటన కట్టి రద్దు చేయాలనడం గాని సమంజసం కాదు.

డబ్లిను తరహా

ఐర్లండు రాజధాని డబ్లినులో 1988లో మొదలైన సాహిత్య పబ్బుల యాత్ర మొదటి రకానికి చక్కని ఉదాహరణ. డ్యూక్ వీధిలో ‘ది డ్యూక్’ అనే పబ్బు మేడ మీద సాయంత్రం ఏడున్నర ప్రాంతంలో జనం చేరతారు. గైడులుగా వచ్చేవారు ఇద్దరు నటులు. శామ్యూల్ బెకెట్ రాసిన ‘వెయిటింగ్ ఫర్ గోడో’ నాటకంలోని ఒక ఘట్టాన్ని అభినయించి వారు యాత్ర ప్రారంభిస్తారు. తరువాత ట్రినిటీ కాలేజీ ఆవరణలో నిలబెట్టి, అక్కడ చదివిన ఆస్కార్ వైల్డ్ ముచ్చట్లు వినిపిస్తారు. మొత్తం మీద నాలుగు పబ్బులు. ఒక్కొక్క చోట ఇరవై నిమిషాల మజిలీ. ఎవరికి కావలసినది వారే కొనుక్కోవాలి, టిక్కెట్టు సొమ్ము నటనకూ కథకూ మాత్రమే. బీరు ముట్టనివారు టీ పుచ్చుకొని కూర్చున్నా అడిగేవారు ఉండరు. విన్నది ఎవరికి ఎంత గుర్తున్నదో చూడడానికి చివరలో క్విజ్ పోటీ కూడా ఉన్నది. రెండుంబావు గంటలలో కార్యక్రమం ముగుస్తుంది.

ఆ వీధికి కథల కొరత లేదు. జేమ్స్ జాయిస్ 1922లో ప్రచురించిన ‘యులిసిస్’ నవలలో కథానాయకుడు బ్లూమ్ మధ్యాహ్నం వేళ శాండ్‌విచ్ తిని, గ్లాసు వైను తాగిన ‘డేవీ బర్న్స్’ పబ్బు అక్కడే ఉన్నది. దానికి ఎదుటి వైపునే ‘ది బెయిలీ’. బ్లూమ్ కాపురం ఉన్నట్లు జాయిస్ వర్ణించిన ఎక్లిస్ వీధి 7వ నంబరు ఇంటిని కూలగొట్టినప్పుడు, ఆ ఇంటి వీధి తలుపును తెచ్చి చాలాకాలం భద్రంగా ఉంచినది ఈ బెయిలీలోనే. ఇప్పుడా తలుపు నగరంలోని జేమ్స్ జాయిస్ సెంటరులో ఉన్నది. ఒక నవలలోని పాత్రకు చెందిన తలుపును దాచుకున్న ఊరు కథను అమ్ముకున్నదంటే ఆశ్చర్యపడవలసినది లేదు.

సగంలో ఆగిన యాత్ర

యులిసిస్ కథ 1904 జూన్ 16న ఒక్క రోజులో జరుగుతుంది. సరిగ్గా యాభై ఏళ్ళ తరువాత, 1954 జూన్ 16న, కవి పాట్రిక్ కవనా, రచయిత బ్రయాన్ ఓనోలన్, ఆంథొనీ క్రోనిన్, జాన్ ర్యాన్ మొదలైనవారు రెండు గుర్రపు బండ్లు మాట్లాడుకొని, శాండికోవ్ దగ్గర సముద్రపు ఒడ్డున ఉన్న మార్టెల్లో బురుజు నుంచి బయలుదేరారు. నవలలో చెప్పిన దారి వెంట నగరమంతా తిరగాలని వారి సంకల్పం. దారిలో దాహం వేసింది. బండ్లు బెయిలీ పబ్బు దాకా వచ్చి ఆగిపోయాయి. మిగిలిన దారి మిగిలిపోయింది. ఏటేటా జరిగే ‘బ్లూమ్స్ డే’ ఉత్సవానికి ఈ సగం యాత్రే నాంది కావడం విశేషం.

గైడు ఎందుకు కావాలో ఈ ఉదంతమే చెబుతుంది. ఆనాటి బృందంలో సాహిత్యం తెలిసినవారికి లోటు లేదు, దారి తెలిసినవారికీ లోటు లేదు. “ఇక లేవండి, పోదాం” అనే మనిషి మాత్రం లేకపోయాడు. మంచి గైడు చేసే మొదటి పని అదే. గ్లాసు ఖాళీ అయినా, కాకపోయినా గంట కొట్టినట్లు లేపి నడిపిస్తాడు.

అయితే ఈ సాహిత్య యాత్రలలోనూ ఒక లోపానికి ఆస్కారం ఉన్నది. తాగుబోతు రచయితను ముచ్చటగా చూపించి, ఆ తాగుడు అతనిని ఏమి చేసిందో చెప్పకుండా దాటవేయడం సులువు. నాటకకర్త బ్రెండన్ బేహన్ పబ్బుల చతురోక్తులకు ఎంత ప్రసిద్ధుడో, మద్యానికి అంత బానిస. 1964లో ఆయన కన్నుమూసేనాటికి 41 ఏళ్ళు మాత్రమే. ఇంకా ఎన్నో నాటకాలు రాయవలసిన వయసు. ఆయన హాస్యానికి నవ్వించే గైడు ఆయన వయసు కూడా చెప్పితీరాలి. చెప్పకపోతే మనిషిని చంపిన సీసాకే దండ వేసినట్లవుతుంది.

స్కాట్లండులోని ఎడిన్‌బరోలో 1996లో ఆరంభమైన సాహిత్య పబ్బుల యాత్ర ఈ చిక్కును తెలివిగా పరిష్కరించింది. అక్కడ కూడా గైడులు ఇద్దరు నటులే. ఒకరు క్లార్ట్, ఒకరు మెక్‌బ్రెయిన్. రచనకు ప్రేరణ పబ్బులోనే పుట్టిందని ఒకరు, కాదు, చదువూ పరిశ్రమా వల్లనే పుట్టిందని మరొకరు దారి పొడుగునా వాదించుకుంటారు. తీర్పు వినేవారిదే. పబ్బులో కూర్చొని పబ్బు గొప్పతనాన్నే ప్రశ్నించే యాత్రను ఎవరు మాత్రం తప్పుపట్టగలరు?

రెండవ రకం

రెండవ రకం యాత్ర వేరు. సాధారణంగా ఇది నగరం నడిబొడ్డున ఒక కూడలిలోనో, చవక హాస్టలు ముందో మొదలవుతుంది. డబ్బు కట్టినవారి చేతికి ఒక పట్టీ కడతారు. మొదటి గంట ‘ఎంత తాగితే అంత’ అనే లెక్క. ఆ తరువాత మూడు, నాలుగు బార్లు, ఒక్కొక్క బారు గుమ్మంలో ఉచితంగా ఒక చిన్న గ్లాసు ఘాటు సారాయి, చివరకు అర్ధరాత్రి దాటాక ఒక డాన్సు క్లబ్బు. గైడుకు నగర చరిత్ర తెలియవలసిన పని లేదు, గొంతు పెద్దదైతే చాలు. తీసుకువెళ్ళిన తలలను లెక్కపెట్టి బార్లు కమిషను ముట్టజెప్పడం ఈ వ్యాపారంలో పరిపాటి. కనుక వచ్చినవారు ఎంత ఎక్కువ తాగితే వ్యాపారం అంత బాగున్నట్లు. మత్తెక్కిన మనిషిని ఇక చాలని వారించడం ఇక్కడ గైడుకే నష్టం.

ఈ బాధ ప్రాగ్ నగరానికి బాగా తెలుసు. తలసరి బీరు వాడకంలో చెక్ దేశం ఏళ్ళ తరబడి ప్రపంచంలో మొదటి స్థానంలో ఉంటూ వచ్చింది. అటువంటి దేశ రాజధాని నగరపాలక సంస్థ 2024 అక్టోబరులో ఒక నిర్ణయం తీసుకున్నది. రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు గైడులు నడిపే పబ్బుల యాత్రలు సాగరాదన్నది. పాత నగరంలో కాపురం ఉంటున్నవారు కేకలతో, రోతతో నిద్రకు దూరమై చేసిన ఫిర్యాదులే ఇందుకు మూలం. అంతకుముందే, 2020 జనవరిలో, స్పెయినుకు చెందిన బలియారిక్ దీవుల ప్రభుత్వం మగలూఫ్, ఎల్ అరెనాల్, సాంట్ ఆంటోని అనే విహార స్థలాలలో ఇటువంటి యాత్రలను నిషేధించింది. తక్కువ ధరల ‘హ్యాపీ అవర్’ను, ఎంత తాగినా ఒకే ధర అనే పద్ధతిని కూడా దానితో పాటే ఆపివేసింది.

దీనిని మద్యనిషేధం అనుకోవడం పొరపాటు. ఆంధ్రప్రదేశ్‌లో 1995లో వచ్చిన నిషేధం అమ్మకాన్నే ఆపింది. ప్రాగ్‌లో పబ్బులు యథాతథంగా నడుస్తున్నాయి. ఎవరైనా తమంత తాము వెళ్ళి కూర్చోవచ్చు. అక్కడ ఆగినది మంద తోలకం మాత్రమే.

ప్రాగ్‌కు ఇంకొక రకం అతిథి మర్యాద కూడా తెలుసు. 1994 జనవరిలో అమెరికా అధ్యక్షుడు క్లింటను వచ్చినప్పుడు, చెక్ అధ్యక్షుడు వాత్స్లావ్ హావెల్ ఆయనను ‘బంగారు పులి’ అనే పబ్బుకు స్వయంగా తీసుకువెళ్ళాడు. రచయిత బొహుమిల్ హ్రాబల్ రోజూ కూర్చునే చోటు అది. ముగ్గురూ అక్కడ బీరు పుచ్చుకున్నారు. అంతకంటే పెద్ద గైడు ఇంకెవరికి దొరుకుతాడు? తిరిగినది ఒక్క పబ్బే అయినా, ఒక దేశపు సాహిత్యాన్ని ఆ బల్ల దగ్గరే పరిచయం చేయగలిగారు.

వ్యాపారుల వాదన

యాత్రలు నడిపేవారి వాదన కూడా వినవలసినదే. గైడు లేకపోతే ఆ కుర్రకారు తాగకుండా ఉంటారా, దారి తెలియక మరింత గొడవ చేయరా అని వారు అడుగుతున్నారు. ఒంటరిగా వచ్చినవారికి, అందులోనూ ఆడవారికి, గుంపులో తిరగడం కొంత రక్షణ అన్న మాట కూడా తోసివేయదగినది కాదు. దీని మీద బతికే బార్లూ, పనివారూ ఉన్నారన్నదీ నిజమే.

అయినా ఈ వాదన పూర్తిగా నిలవదు. నలుగురు స్నేహితుల సందడి వేరు, కిటికీల కింద ప్రతి రాత్రీ అదే వేళకు యాభై మంది అరుపులు వేరు. మొదటిది ఒకనాటి ముచ్చట, రెండవది నిత్య వ్యాపారం. వ్యాపారం చేసేవారు దాని వల్ల ఇరుగుపొరుగుకు కలిగే నష్టానికి బాధ్యత వహించక తప్పదు. రక్షణ మాటకు వస్తే, అపరిమితంగా తాగించి రక్షణ ఇస్తామనడం నిప్పు పెట్టి నీళ్ళ బిందె చూపించడమే.

ప్రాగ్ పెట్టిన 10 గంటల హద్దులో ఒక విశేషం ఉన్నది. ఏడున్నరకు మొదలై రెండుంబావు గంటలలో ముగిసే డబ్లిను తరహా యాత్రకు ఆ హద్దు వల్ల ఏ ఇబ్బందీ ఉండదు. చిక్కంతా మద్యం అమ్మే యాత్రకే. కథకు పది గంటలలోపు సమయం చాలు, కైపుకు తెల్లవారినా చాలదు. కనుక అన్ని నగరాలకూ ఇదే సరైన కొలబద్ద అనిపించుకుంటుంది. రాత్రికి హద్దు, గుంపుకు పరిమితి, గైడుకు లైసెన్సు, ‘ఎంత తాగితే అంత’ పద్ధతికి స్వస్తి. ఈ నాలుగూ ఉంటే యాత్రనే రద్దు చేయవలసిన అగత్యం ఉండదు.

చేరదలచినవారికి

ఇటువంటి యాత్రలో చేరదలచిన తెలుగువారు డబ్బు కట్టే ముందు మూడు సంగతులు విచారించుకోవడం మంచిది. టిక్కెట్టు సొమ్ము దేనికి? గైడుకు ఏమి తెలుసు? ఏ వేళకు, ఎక్కడ ముగుస్తుంది? మొదటి ప్రశ్నకు ‘తాగినంత మద్యం’ అని జవాబు వస్తే, మిగిలిన రెండూ అడగనవసరం లేదు.

లెక్క కూడా తెలిసి ఉండాలి. ఐర్లండులో పైంటు అంటే 568 మిల్లీలీటర్లు. మామూలు బీరు ఒక పైంటు తాగితే అక్కడి ఆరోగ్యశాఖ లెక్కలో రెండు ‘ప్రమాణాలు’. నాలుగు పబ్బులలో నాలుగు పైంట్లంటే ఎనిమిది. వారం మొత్తానికి ఆ శాఖ చెప్పే హద్దు స్త్రీలకు 11, పురుషులకు 17 మాత్రమే. అంటే రెండుంబావు గంటలలో వారం వాటాలో సగమో, అంతకంటే ఎక్కువో చెల్లిపోతుంది. అక్కడ ‘గ్లాసు’ అని అడిగితే సగం పైంటే ఇస్తారు. అలా అడగడంలో నామోషీ ఏమీ లేదు. ఒకరి తరువాత ఒకరు అందరికీ కొనిపెట్టే ‘రౌండు’ ఆచారంలో మొహమాటానికి తల ఊపితే, ఆరుగురున్న బల్ల దగ్గర ఆరు పైంట్లకు ఒప్పుకున్నట్లే. తనది తానే కొనుక్కుంటానని మొదటే మర్యాదగా చెప్పడం ఉత్తమం.

ఊరు చూడడానికి వెళ్ళినవారికి మర్నాడు ఊరు గుర్తుండాలి. ఉదయం లేచి తలనొప్పి ఒక్కటే మిగిలితే ఆ యాత్ర ఏ నగరంలో జరిగినా ఒకటే. అలా కాక ఒక కవి పేరో, ఒక తలుపు కథో, సగంలో ఆగిన గుర్రపు బండి ముచ్చటో మిగిలితే టిక్కెట్టు డబ్బు దక్కినట్లు. ఆ వీధిలో కాపురం ఉన్నవారికి నిద్ర కూడా దక్కితే, అటువంటి యాత్రకు ఏ నగరమైనా తలుపు తెరిచే ఉంచవచ్చు.