బొటనవేలికి ఇంకో పని

మీరిది చదువుతున్నారంటే మీ బొటనవేలు స్క్రీన్ మీదే ఉండుంటుంది. నాదీ అంతే. హిందూపురంలో ఇంటి నుంచే నా ఉద్యోగం. మొన్నామధ్య ఒక కోడ్ రివ్యూ మధ్యలో ఫోన్ తీశా. నాలుగు రీల్స్ చూసి, తిరిగొచ్చి అప్రూవ్ నొక్కేశా. నేను చూడకుండా వదిలేసిన తప్పు ఆ రాత్రే ప్రొడక్షన్‌లో బయటపడింది. తెల్లారేదాకా నలుగురం కూర్చుని సరిచేశాం. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధనిపించింది.

ఆ తర్వాతే చిన్ముద్ర మొదలుపెట్టా. కష్టమేమీ లేదు. బొటనవేలి కొస, చూపుడువేలి కొస మెల్లగా తాకాలి. మిగతా మూడు వేళ్లు చాపి, అరచేతులు పైకి పెట్టి మోకాళ్ల మీద ఆనించాలి. నొక్కకూడదు, మధ్యలో కాగితం పెడితే జారిపోనంత పట్టు చాలు. ఊపిరి తీసుకునేదానికన్నా వదిలేది కాస్త నిదానంగా వదలాలి. పది నిమిషాలు.

మొదటి రోజే ఒకటి గమనించా. బుర్ర ఫోన్ వైపు పోయిన ప్రతిసారీ వేళ్లు వాటంతటవే విడిపోతున్నాయి! మనసు ఎప్పుడు జారిందో మనకు తెలీదు, వేళ్లకు తెలుస్తోంది. మా భాషలో చెప్పాలంటే ఇది అలర్ట్ పెట్టుకున్నట్టే. విడిపోయినప్పుడు మళ్లీ కలపడం, అంతే పని. పైగా రెండు చేతులూ ఖాళీగా లేవు కాబట్టి ఫోన్ అందుకోవడానికి లేదు. నా వరకూ ముద్ర మహిమలో సగం ఇదే.

బొటనవేలు అగ్ని, చూపుడువేలు వాయువు అంటూ రీల్స్‌లో చెప్పే లెక్క నాకు ఎక్కదు. చేతివేళ్లకు మెదడులో పెద్ద జాగా ఉందన్నది మాత్రం నిజం. 1937లో పెన్‌ఫీల్డ్, బోల్డ్రే అనే వైద్యులు మెదడు మీద గీసిన పటంలో చేతికీ ముఖానికీ దక్కినంత చోటు వీపుకు దక్కలేదు. హఠయోగ ప్రదీపిక తిరగేస్తే అందులో చెప్పిన పది ముద్రలూ ఒళ్లంతా కదిపేవీ, బిగించేవే. వేళ్లు కలిపితే చాలనేవి కావు. చేతి ముద్రల సంగతి చూడాలంటే మా ఊరికి 15 కిలోమీటర్లలో ఉన్న లేపాక్షికి రండి, నాట్యమండపం స్తంభాల మీద కావలసినన్ని చేతులు. కూచిపూడి నేర్చుకున్నవాళ్లకు చిన్ముద్ర చూపిస్తే హంసాస్యం అంటారు.

సరే, అసలు విషయానికొస్తా. ఉత్సాహం ఆపుకోలేక ఇది ధర్మవరంలో మా మామకు నేర్పించా. ఆయన మగ్గం నేస్తాడు. చూడగానే నవ్వాడు. పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే ఇవే రెండు వేళ్లతో మెలిపెట్టి అతుకుతారు మరి, వేల పోగులు. "దీనికి పేరు కూడా ఉండాదా అప్పా?" అన్నాడు. ఫోన్‌లో ముద్రల వీడియోలు కూడా పెట్టిచ్చి వచ్చా. అక్కడే పొరపాటు చేశా.

నెల తర్వాత ఒక ఆదివారం పొద్దున్నే రైలెక్కా. పెనుకొండ కొండ కనిపించేదాకా కళ్లు మూసుకుని ముద్రలోనే ఉన్నా, మహా ప్రశాంతంగా! ధర్మవరంలో ఇంటికెళ్లేసరికి మామ గోడకానుకుని ఉన్నాడు. చొక్కా తడిసిపోయింది. రెండు చేతుల్లోనూ చూపుడువేలు బొటనవేలి మొదట్లోకి మడిచి, మధ్యవేలూ ఉంగరపు వేలూ బొటనవేలి కొసకు ఆనించి పట్టుకున్నాడు. అపానవాయు ముద్ర. గుండెపోటును ఆపేస్తుందని వీడియోల్లో తిరుగుతుందే, అది.

"ఎంతసేపైంది అత్తా?"

"గంటైతాంది నాయనా. పోదాం పా అంటే, నీ అల్లుడు చెప్పిండేదే కదా, ఉండు తగ్గుతాది అంటాడు."

నేను చెప్పింది ఇది కాదు అనే ధైర్యం రాలేదు. 108కి ఫోన్ చేశా. ఈసీజీ తీసి అనంతపురం పంపించారు, స్టెంట్ వేశారు. గుండె రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే వేళ్లు ఎలా మడిచినా అది కరగదు. రక్తం అందని కండరం నిమిషం నిమిషానికీ చచ్చిపోతూనే ఉంటుంది. ఇంకొంచెం ముందు వచ్చుంటే గుండెకు ఇంత దెబ్బ తగిలేది కాదని డాక్టర్ చెప్పాడు. ఆ గంట నాకింకా గుర్తొస్తూనే ఉంది.

కాబట్టి మీ ఇంట్లో పెద్దవాళ్లకు ముద్ర నేర్పిస్తే, ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చెయ్యో దవడో లాగడం ఉంటే ముందు 108 అని కూడా అప్పుడే చెప్పండి. నేను చెప్పలేదు. బీపీ, షుగర్ మాత్రలు మానేసి ముద్ర పట్టేవాళ్లు మీ వాట్సాప్ గ్రూపుల్లోనూ ఉండొచ్చు, ఒకసారి కనుక్కోండి.

నేనైతే చిన్ముద్ర మానలేదు. రివ్యూకి కూర్చునే ముందు పది నిమిషాలు, ఫోన్ పక్కగదిలో. నిన్న మామ ఫోన్ చేశాడు, మాత్రలు వేసుకుని మళ్లీ మొదలుపెట్టాడట.

"ఒరే, వేళ్లు విడిపోతానే ఉండాయి."

"ఎన్నిసార్లు మామా?"

"యాడ లెక్కబెట్టేది? నడాన నిద్రపోతి."