'సైకో' తమ్ముళ్లకు చూపిద్దామా?

మేం చదివిన ఆశ్రమ స్కూల్లో పదో తరగతి తమ్ముళ్లకు హిచ్‌కాక్ 'సైకో' వేద్దామంటే కొందరు వద్దన్నారు. 1960 నాటి బ్లాక్ అండ్ వైట్ సినిమా. బాత్రూం హత్యలో రక్తమంటే చాక్లెట్ సిరప్పే. వయొలిన్ల మోతే వణికిస్తుంది. ఫోన్లో రోజూ నరుకుళ్లు చూసే పిల్లలకి ఇదో లెక్కా అనుకున్నాం మేమూ. కానీ ఆ స్కూల్లో బాత్రూంలు ఆవరణ చివర్న ఉంటాయి, కొన్నిటికి గడియల్లేవు. మేమే రాత్రిళ్లు ముగ్గురం కలిసి పోయేవాళ్లం. అందుకే పగలే వేద్దాం.

అసలు మా భయం వేరే. హంతకుడికి మనసు బాగోలేదని చివర్లో డాక్టర్ చెప్తాడు. మా ఊళ్లో అలాంటి ఒకాయన్ని దయ్యం పట్టిందని కట్టేశారు. జబ్బున్నోళ్లంతా చంపరని సినిమా అయ్యాక పిల్లలతో కూర్చుని మాట్లాడాలి. ఆ ఓపిక లేకపోతే వెయ్యొద్దు. గడియలు మాత్రం ముందే కొని బిగిద్దాం. ఎవరెవరొస్తారు?