క్రియాటినిన్ 1.2 ఉంటే ‘నార్మలేనమ్మా’ అనకండి!



మన ఉద్దానంలో కవిటి నుంచి వజ్రపుకొత్తూరు దాకా కిడ్నీ జబ్బు ఎరగని ఊరు అరుదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం నీళ్ల పథకం వచ్చింది. సంతోషమే. కానీ మంచం ఎక్కాక చేసే వైద్యం కంటే ముందు జరగాల్సిన పని మిగిలిపోయింది. 40 దాటిన ప్రతి మహిళకూ ఏటా ఊళ్లోనే రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష చెయ్యాలి.

‘30 దాటినవాళ్లకు బీపీ, షుగరు చూస్తున్నాంగా’ అని అధికారులు అంటారు. నిజమే, ఆశా కార్యకర్తల కష్టాన్ని తక్కువ చెయ్యం. అయితే మన ప్రాంతంలో ఈ జబ్బు పడ్డవారిలో చాలామందికి షుగరు ఉండదు. మొదట్లో బీపీ పెరగదు, మూత్రంలో ప్రొటీనూ పెద్దగా పోదు. కాళ్లు వాచేదాకా ఆగకుండా రక్తం తీసి చూడాల్సిందే.

చూసినా ఇంకో చిక్కుంది. క్రియాటినిన్ కండల నుంచి వస్తుంది. ఆడవాళ్లకు సాధారణంగా కండ తక్కువ. అయినా కొన్ని ల్యాబుల రిపోర్టుల్లో ఆడా మగా ఇద్దరికీ ఒకటే హద్దు అచ్చవుతుంది. 1.2 వచ్చిందనుకోండి. యాభై ఏళ్ల మగవాడికైతే కిడ్నీ వడపోత సుమారు 74 ఉన్నట్టు. అదే వయసు ఆడమనిషికి 55 మాత్రమే! ఈ అంకె 60 కంటే తక్కువగా మూడు నెలలకు పైగా ఉంటే అది కిడ్నీ జబ్బే. కాబట్టి ప్రతి రిపోర్టులో ఆ వడపోత అంకె, అంటే ఈజీఎఫ్ఆర్, అచ్చువెయ్యాలి. వయసు, ఆడో మగో కొడితే కంప్యూటరే లెక్క కడుతుంది. దీనికి బడ్జెట్ లేదని మాత్రం చెప్పకండి.

పరీక్షతో పాటు అడగాల్సినవీ ఉన్నాయి. జీడిపప్పు ఒలిచే చోట మరుగుదొడ్డి సరిగ్గా లేకపోతే ఆడవాళ్లు పొద్దుటి నుంచి నీళ్లు తాగడమే మానుకుంటారు. సాయంత్రానికి నడుం పట్టేస్తే మెడికల్ షాపులో అడిగి నొప్పి మాత్ర వేసుకుంటారు. అలాంటి మాత్రలు రోజూ వాడితే కిడ్నీ దెబ్బతినొచ్చు. పరీక్ష చేసేటప్పుడు ఈ సంగతి అడగాలి. కడుపుతో ఉన్నప్పుడు బీపీ వచ్చిందా అనీ అడగాలి, అలాంటి తల్లులకు ముప్పు ఎక్కువ.

కూలి పోగొట్టుకుని ఎవరూ రారు. జీడి పరిశ్రమల దగ్గరే, సెలవు రోజు ఊళ్లోనే రక్తం తియ్యండి. ఈజీఎఫ్ఆర్ 60 కంటే తగ్గినవారి పేరు పీహెచ్‌సీ రిజిస్టరులో రాసి, మూడు నెలలకు మళ్లీ పిలిచి, అవసరమైతే పలాస పంపండి.

వచ్చే గ్రామసభలో ఈ మాట తీర్మానంగా రాయించండి. ఒక కాపీ కలెక్టరుకు, ఒకటి జిల్లా వైద్యాధికారికి పంపి రసీదు తీసుకోండి.