కారు మీద గీత పడిందా? కంగారు పడకండి!

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో బాలాపూర్ సోదరి రాసినదానికి ముందు జవాబు చెబుతాను. "నిమజ్జనం రోజున మా గల్లీలో ఇసకేస్తే రాలనంత జనం. వాకిట్లో నిలిపిన కారును ఎవరి సైకిలు హ్యాండిలో రాసుకుపోయింది. తలుపు మీద జానెడు గీత, దాని పక్కన సన్నవి నాలుగైదు. కారు కొని ఏడాది కూడా కాలేదు, ఇంకా వాయిదాలు కడుతున్నాం. షెడ్డువాళ్ళు తలుపంతా రంగు వేయాల్సిందే అన్నారు, మావారు సరేనన్నారు. చేత్తో రుద్దితే పోతుందని మా ఆడపడుచు అంటోంది. ఎవరి మాట వినమంటారు?" అని ఆవిడ ప్రశ్న.

బాలాపూర్ లడ్డు వేలం చూడ్డానికి వచ్చే జనం సంగతి వేరే చెప్పాలా? 1994లో 450 రూపాయలకు పోయిన లడ్డు, 2025లో 35 లక్షలు పలికింది! ఆ రోజు సందుల్లో నిలిపిన బండికి గీత పడకపోతేనే వింత.

అమ్మా, మీవారిని రెండు రోజులు ఆగమనండి. ఎందుకంటే, ఫ్యాక్టరీలో కారు రంగు వేసేటప్పుడు అది ఇంకా ఉత్త రేకు మాత్రమే. సీట్లు, వైర్లు ఏవీ ఉండవు. అందుకని దాదాపు 140 డిగ్రీల వేడిలో పెట్టి కాలుస్తారు. కుండను ఆవంలో కాల్చినట్టన్నమాట. తయారైన కారును షెడ్డులో అంత వేడికి పెడితే ప్లాస్టిక్ సామాను బతుకుతుందా? అందుకే తక్కువ వేడితో ఆరబెడతారు. ఎంత మంచి పనివాడైనా మొదటి రంగుతో అచ్చంగా కలపడం కష్టమే. రేపు కారు అమ్మబోతే, కొనేవాళ్ళు "ఈ తలుపుకు మళ్ళీ రంగు వేశారు, ఎక్కడ గుద్దారు?" అని ధర తగ్గిస్తారు. సన్నగీతల కోసం అంత పని పెట్టుకోవడం ఎందుకు?

ఇప్పటి కార్లకు రంగు ఒక్క పొర కాదు. రేకు మీద ప్రైమరు, దాని మీద రంగు, అన్నిటికీ పైన అద్దంలాంటి క్లియర్ కోటు. ఆ మెరుపంతా పై పొరదే. దాని మందం దాదాపు 40, 50 మైక్రాన్లు. మన తలవెంట్రుక కంటే పలచన! గీత ఆ పొరలోనే ఆగిందా, లోపలికి దిగిందా అన్నదే అసలు ప్రశ్న.

తెలుసుకోవడం తేలికే. తలుపును కడిగి, గీత మీద కాసిని నీళ్ళు చల్లి చూడండి. తడిగా ఉన్నంతసేపు గీత కనబడకుండా పోయి, ఆరాక మళ్ళీ కనిపిస్తే అది పై పొరలోదే. తరువాత గోటిని గీతకు అడ్డంగా మెల్లగా లాగండి. గోరు జారిపోతే మీ చేతి పనే. గోరు తట్టుకుంటే చేత్తో పోదు. తెల్లగానో, బూడిద రంగుగానో, రేకు మెరుపో కనబడితే ఇక రుద్ది లాభం లేదు. ఇంకో సంగతి. కొన్నిసార్లు అది గీత కాదు, అవతలి బండి రంగు మన బండికి అంటుకున్నది. చూడ్డానికి ఘోరంగా ఉంటుంది గానీ, అది అన్నిటికంటే సులువుగా వదులుతుంది.

కావలసినవి: కారు షాంపూ, బట్టల దుకాణంలో కాక కారు సామాన్ల దుకాణంలో దొరికే మైక్రోఫైబర్ గుడ్డలు మూడు నాలుగు, సన్నరకం రబ్బింగ్ కాంపౌండు ఒకటి, పాలిష్ ఒకటి, చివర పూయడానికి వ్యాక్స్. మీ ఇంట్లో మొజాయిక్ గచ్చు పాలిష్ పట్టించినప్పుడు చూసే ఉంటారు. ముందు గరుకు రాయి, తరువాత నున్నని రాయి. ఇక్కడా అదే సూత్రం. గీతను పూడ్చడం లేదు, గీత అంచుల్ని చుట్టూ ఉన్న ఎత్తుకు సమం చేస్తున్నాం.

నీడలో నిలపండి. రేకు మీద చెయ్యి పెడితే చల్లగా ఉండాలి. షాంపూ నీళ్ళతో ఇసుక రేణువు లేకుండా కడిగి పూర్తిగా తుడవండి. ఈ పని తూతూమంత్రంగా చేశారో, మిగిలిన ప్రతి రేణువూ ఓ కొత్త గీత గీస్తుంది. గుడ్డను మడతపెట్టి, బఠాణీ గింజంత కాంపౌండు తీసుకుని, జానెడు మేర మాత్రమే రుద్దండి. గుండ్రంగా కాదు, నిలువుగానో అడ్డంగానో తిన్నగా. చపాతీ పిండి మర్దించినంత బలం అక్కర్లేదు, వెండి పళ్ళెం తుడిచినంత చాలు. ముప్ఫై నలభై సార్లు రుద్ది, శుభ్రమైన గుడ్డతో తుడిచి, టార్చిలైటు ఏటవాలుగా వేసి చూడండి. గీత పలచబడుతుంటే మరోసారి, మహా అయితే మూడోసారి. అక్కడితో ఆపేయండి. ఇంకా కాస్త కనబడుతోందని పట్టుదలకు పోతే పై పొరే పోతుంది. అది పోతే మళ్ళీ రాదు.

తరువాత వేరే గుడ్డతో పాలిష్ ఇలాగే పట్టించి, ఆఖర్న వ్యాక్స్ పలచగా రాసి తుడవండి. తలుపు అంచులు, రేకు మడత తేలిన చోట్ల రంగు పలచగా ఉంటుంది, అక్కడ రుద్దకండి. గుడ్డ నేల మీద పడితే ఉతికేదాకా దాన్ని ముట్టుకోవద్దు. మెరుపు లేని మ్యాట్ రంగు కారైతే ఈ పనంతా నిషిద్ధం, మచ్చగా మెరుస్తుంది. ఇంట్లో పాత అంబాసిడరో, ప్రీమియర్ పద్మినీయో ఉంటే గుడ్డకు కారు రంగు అంటుకోవచ్చు. పాత పద్ధతిలో వేసినవాటికి పై పొర ఉండదు కనుక అలా అవుతుంది. భయపడకండి, మరీ తేలిక చేత్తో రుద్దండి.

మీ ఆడపడుచు చెప్పిన రుద్దుడు సరైనదే. టూత్‌పేస్టు మాత్రం వద్దంటాను. అందులోనూ మెత్తని గరుకు పొడి ఉంటుంది కాబట్టి అతి సన్న గీతలు కాస్త తగ్గొచ్చు గానీ, అది పళ్ళ కోసం చేసింది, ఏ రకంలో ఎంత గరుకుందో మనకు తెలియదు. గిన్నెల పీచు, పీతాంబరి, గోళ్ళరంగు తీసే మందు దగ్గరికి కూడా రానీయకండి. చివరిది రంగునే కరిగిస్తుంది.

అసలు మన ఇళ్ళలో ఇన్ని సన్నగీతలు ఎక్కడివంటారా? సైకిళ్ళవి కొన్నే. రోజూ పొద్దున్నే పొడిగుడ్డతో దుమ్ము దులుపుతామే, దానివే ఎక్కువ! వాకిట్లో రాతి ముగ్గు గాలికి లేచి కారు మీద పడుతుంది, దాన్ని అలాగే రుద్దుతాం. దసరాకు బండికి పెట్టిన పసుపు కుంకుమలూ అంతే. ముందు నీళ్ళు పోసి జార్చి, తరువాతే గుడ్డ పెట్టండి. కారు తుడిచే కుర్రాడికీ ఈ మాట గట్టిగా చెప్పండి.

బాలాపూర్ సోదరీ, ముందు ఆ సన్నగీతల్లో ఒకదాని మీద చెయ్యి తిప్పి చూడండి. జానెడు గీత గోటికి తగిలితే దాన్ని రుద్దకుండా వదిలేసి, కారు రంగు కోడ్ చూసి టచప్ పెన్ను తెప్పించుకోండి. ఆ కోడ్ చాలా బండ్లకు తలుపు తెరిచిన చోటో, బానెట్ కిందో చీటీ మీద ఉంటుంది. రేకు బయటపడి ఉంటే మాత్రం వానలు తగిలి తుప్పు పట్టకముందే ఆ పెన్నుతో ఓ పూత వేసేయండి.